కత్తి పక్కన అంకె: స్కైరిమ్ ఆడే పిల్లలకి

2011లో వచ్చిన నాటి నుంచీ స్కైరిమ్ అనే వీడియో ఆట ఆడుతున్నాను. మా ఇంటికొచ్చే మేనల్లుళ్ళు అడిగేది ఒకటే: "మామయ్యా, ఈ రెంటిలో ఏ కత్తి మంచిది?" వాళ్ళకి చెప్పే మాటలే ఇవి.

1. ముందు దెబ్బ బలం చెప్పే అసలు అంకెలు నోటికి రావాలి. ఒంటిచేతి కత్తుల్లో ఇనుముది 7, స్టీలు 8, ఆర్కిష్ 9, డ్వార్వెన్ 10, ఎల్వెన్ 11, గ్లాస్ 12, ఎబొనీ 13, డెయిడ్రిక్ 14. డాన్‌గార్డ్ అనే అదనపు భాగంతో వచ్చిన డ్రాగన్‌బోన్ 15. మెట్టుకి ఒక్క పాయింటే తేడా. బరువు మాత్రం అలా కాదు: ఇనుప కత్తి 9 తూగితే డెయిడ్రిక్ 16 తూగుతుంది.

2. తెర మీద కనిపించేది ఆ అసలు అంకె కాదు. మీ వన్-హ్యాండెడ్ నైపుణ్యం, తీసుకున్న పెర్కులు, సానరాయి మీద పెట్టిన పదును అన్నీ కలిపి చూపిస్తుంది. నైపుణ్యం 100కి చేరి, ఆర్మ్స్‌మన్ పెర్కు ఐదు మెట్లూ ఎక్కినవాడి చేతిలో మామూలు ఇనుప కత్తే 21 చూపిస్తుంది. అందుకే స్నేహితుడి అంకె పక్కన మీ అంకె పెట్టి దిగులుపడకండి. పోల్చాల్సింది మీ సంచిలో ఉన్న రెండు కత్తుల్ని. అదీ రెంటికీ ఒకే స్థాయి పదును ఉన్నప్పుడే.

3. ఆట దాచిపెట్టే సంగతి వేగం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇదే. కత్తి వేగం 1 అనుకుంటే గొడ్డలిది 0.9, గదది 0.8. ఇనుములో కత్తి 7, గొడ్డలి 8, గద 9. వేగంతో గుణించి చూడండి: 7, 7.2, 7.2. అంటే గద, గొడ్డలి కాస్త పైచేయి. డెయిడ్రిక్‌లో అంకెలు 14, 15, 16. గుణిస్తే 14, 13.5, 12.8. ఇప్పుడు కత్తిదే పైచేయి. ఎదిగేకొద్దీ కత్తి గెలుస్తుందన్నమాట. కానీ తెర మీద గద అంకె పెద్దగా కనబడగానే పిల్లలు దాన్నే పట్టుకుంటారు! రెండు చేతుల ఆయుధాల లెక్క వేరు, దాన్ని ఇక్కడ ఎత్తుకోను.

4. చాటుగా పొడిచేవాళ్ళకి పట్టిక మొత్తం తలకిందులవుతుంది. పెర్కులుంటే కత్తి దెబ్బకి 6 రెట్లు, బాకు దెబ్బకి 15 రెట్లు. డెయిడ్రిక్ కత్తితో 84, అంకెలో చిన్నదైన డెయిడ్రిక్ బాకుతో 165.

5. ఎవరి మీద దూస్తున్నారో చూడండి. కత్తి దెబ్బని శత్రువు కవచం తగ్గిస్తుంది. మంత్రపు నిప్పుని, చలిని కవచం ఆపలేదు, ఒంట్లో నిరోధం ఉంటేనే అవి తగ్గుతాయి. పాత సమాధుల్లో తిరిగే డ్రాగర్లనే నడిచే శవాలకి చలి సగమే పడుతుంది. నార్డు జాతివాళ్ళకీ అంతే. ఆ సమాధుల్లోకి వెళ్ళేటప్పుడు చలి కత్తి చిల్‌రెండ్ పక్కనపెట్టి నిప్పు కత్తి డాన్‌బ్రేకర్ తీయండి. దాని అంకె 12 మాత్రమే, పైన 10 నిప్పు. అది తగిలి చచ్చిన శవం ఒక్కోసారి పేలి పక్కవాటినీ కాలుస్తుంది. ఆ మెరుపు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

6. చిల్‌రెండ్ మాటెలాగూ వచ్చింది. రిఫ్టెన్‌లోని రిఫ్ట్‌వీల్డ్ భవనంలో అది చేతికొచ్చేనాటికి మీరు ఏ లెవెల్లో ఉంటే ఆ బలమే దానిది, తర్వాత దానంతటది పెరగదు. మొదటి పది లెవెళ్ళలో వెళితే 10 దెబ్బ, 5 చలి. 46 దాటాక వెళితే 15 దెబ్బ, 30 చలి. ఆ భవనానికి తీసుకెళ్ళే దొంగల ముఠా కథని అంతదాకా ఆపుకోగలిగితే ఆపుకోండి.