ఇంటికి జనరేటరు కొనేముందు: రోగి ఉన్న కుటుంబాలకు ఒక పాఠం



ఈ నెల పాఠం మందుల గురించి కాదు, కరెంటు గురించి. నర్సులకు జనరేటరుతో ఏమి పని అని మీరు అనుకోవచ్చు. కానీ ఆక్సిజన్ మిషనుతో రోగిని ఇంటికి పంపించే రోజున బంధువులు మమ్మల్ని తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సిస్టరమ్మా, కరెంటు పోతే ఇది ఆగిపోతుంది గదా, జనరేటరు ఏది కొనమంటారు?" 2021లో కోవిడ్ రెండవసారి విజృంభించిన తరువాత ఇలాంటి మిషన్లు చాలా ఇళ్లకు చేరాయి. అందుచేత ఈ ప్రశ్నకు వివరంగా జవాబు రాయాలని అనుకున్నాము.

మేము చూసిన ఒక సంగతి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. స్తంభాలు కూలి, తీగలు తెగి, ఎన్నో వీధులకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ వారంలో ఒక ఉదయం ఒకే ఇంటివారు నలుగురు మా క్యాజువాలిటీకి వచ్చారు. అందరికీ తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం. ఇంటి పెద్దావిడ అయితే అడిగినదానికి సరిగా బదులు చెప్పలేకపోతున్నారు.

ఫ్రిజ్ ఆగిపోయింది గనుక పాడైన కూర తిన్నారేమో అని మేము మొదట అనుకున్నాము. వేలికి పల్స్ ఆక్సీమీటరు పెడితే 98 చూపించింది. ఊపిరికి లోటు లేదని ధైర్యపడ్డాము. సెలైను సిద్ధం చేస్తుండగా, రాత్రి డ్యూటీ ముగించుకొని వెళ్లబోతున్న ఒక సీనియర్ సిస్టర్ ఆగి, ఆ ఇంటి కొడుకును అడిగారు.

"ఇంట్లో జనరేటరు వేశారా బాబూ?"

"వేశాం సిస్టరమ్మా. అమ్మ ఆక్సిజన్ మిషను కోసమే తెచ్చాం."

"ఎక్కడ పెట్టారు?"

"వానకు తడుస్తుందని వరండాలోనే పెట్టాం. తలుపు ఓరగా వేశాం."

సంగతి అప్పుడు అర్థమైంది. డాక్టరుగారిని పిలిచి, వెంటనే నలుగురికీ మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెట్టాము. సాయంత్రానికి ముగ్గురు తేరుకున్నారు. పెద్దావిడకు రెండు రోజులు పట్టింది. ఆమె ప్రాణం కాపాడాలని తెచ్చిన జనరేటరే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. మేము కూడా మొదటి పావుగంట తప్పుదారిన నడిచాము. ఆ పావుగంట గురించి మా నర్సింగ్ విద్యార్థినులకు ప్రతి ఏటా చెబుతూనే ఉన్నాము.

ఆ పొగలో ఏముంది?

పెట్రోలు, డీజిలు, గ్యాసు, ఏది మండినా కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనిపించకపోయినా అది గదిలో చేరుతుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన బలంతో ఈ వాయువును పట్టుకుంటుంది. పట్టుకున్నాక తొందరగా వదలదు. మామూలు గాలి పీలిస్తే అందులో సగం పోవడానికే సుమారు 4 నుండి 6 గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే ఆ సమయం సుమారు గంట, గంటన్నరకు తగ్గుతుంది.

ఇంట్లో పల్స్ ఆక్సీమీటరు ఉన్నవారు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. మామూలు ఆక్సీమీటరు ఈ విషం పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. అందుకే ఆ రోజు 98 కనిపించింది. ఇలాంటి సమయంలో ఆ అంకెను నమ్మకూడదు.

మొదటి లెక్క: మీ ఇంట్లో ఏది ఆగకూడదు?

దుకాణానికి వెళ్లేముందు ఒక కాగితం తీసుకొని రెండు వరుసలు రాయండి. ఒక నిమిషం కూడా ఆగకూడనివి ఒక వరుస. కొన్ని గంటలు ఆగినా ఫరవాలేనివి రెండవ వరుస.

మొదటి వరుసలో ఆక్సిజన్ మిషను, కఫం తీసే సక్షన్ మిషను, డాక్టరుగారు రాసిన ఇతర శ్వాస యంత్రాలు వస్తాయి. నెబ్యులైజరు, ఫ్యాను, ఒకటి రెండు దీపాలు, ఫోను ఛార్జరు తరువాత వస్తాయి.

ఇన్సులిన్ కొరకు జనరేటరు కావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కరలేదు. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. వాడుతున్న ఇన్సులిన్ సీసా సుమారు నాలుగు వారాల వరకు ఫ్రిజ్ బయట ఉండవచ్చు, కానీ 30 డిగ్రీలు దాటకూడదు. మన ఎండాకాలంలో గది అంతకంటే వేడిగా ఉంటుంది గనుక, మట్టి కుండను తడి ఇసుకలో ఉంచి, సీసాను తడవకుండా డబ్బాలో పెట్టి ఆ కుండలో దాచండి. సీసాను ఐసు ముక్కలకు ఆనించి పెట్టవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

నీళ్ల మోటారు విషయమూ ఇంతే. తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపుకొంటే మోటారు కొరకు పెద్ద జనరేటరు కొనవలసిన పని ఉండదు.

రెండవ లెక్క: వాట్లు

ప్రతి యంత్రం వెనుక ఒక చీటీ అతికించి ఉంటుంది. దానిమీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. 5 లీటర్ల ఆక్సిజన్ మిషను సుమారు 350 వాట్లు, 10 లీటర్లది సుమారు 600 వాట్లు తీసుకుంటుంది. మామూలు సీలింగు ఫ్యాను 75, ఎల్.ఇ.డి. బల్బు 9 లేక 10. ఈ లెక్కన ఒక 5 లీటర్ల మిషను, ఒక ఫ్యాను, రెండు బల్బులు, ఒక ఛార్జరు కలిపితే సుమారు 455 వాట్లు.

మోటారు ఉన్న యంత్రాలు మొదలయ్యే క్షణంలో మామూలుకంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతాయి. ఫ్రిజ్, నీళ్ల మోటారు ఇలాంటివే. ఆక్సిజన్ మిషనులోనూ కంప్రెసరు ఉంటుంది. అందువలన లెక్క కంటే కొంత ఎక్కువ శక్తి ఉన్నదే తీసుకోవాలి.

జనరేటర్లను కె.వి.ఎ. లెక్కన అమ్ముతారు. దానిని 0.8తో గుణిస్తే వాట్ల అంచనా వస్తుంది. 1 కె.వి.ఎ. అంటే సుమారు 800 వాట్లు. పెట్టెమీద రెండు అంకెలు ఉంటే, గరిష్ఠ శక్తిని కాక నిలకడగా ఇచ్చే శక్తినే చూడండి. పైన చెప్పిన 455 వాట్లకు 1 కె.వి.ఎ. సరిపోతుంది. ఫ్రిజ్ కూడా కలపాలంటే 2 కె.వి.ఎ. చూడాలి.

ఇన్వర్టరా? జనరేటరా?

ఊరిలో కోతలు రెండు గంటల లోపే ఉంటే ముందు ఇన్వర్టరు గురించే ఆలోచించండి. దానికి పొగ లేదు, పెట్రోలు అక్కరలేదు, కరెంటు పోగానే తనంతట తానే అందుకుంటుంది. 12 వోల్టుల 150 ఎ.హెచ్. బ్యాటరీలో లెక్క ప్రకారం 1800 వాట్-గంటలు ఉంటాయి. వాడుకలో 1200 వరకు దక్కుతాయనుకోండి. మన 455 వాట్లకు రెండున్నర గంటలు వస్తుంది. బ్యాటరీ పాతబడితే ఇంకా తగ్గుతుంది. వైద్య యంత్రాలకు ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరునే అడగండి. స్క్వేర్‌వేవ్ రకం చవక, కానీ మోటారు యంత్రాలకు మంచిది కాదు.

ఆక్సిజన్ మిషను ఉన్న ఇంట్లో వీటన్నిటికంటే ముందు ఉండవలసినది నిండు ఆక్సిజన్ సిలిండరు. బి-టైపు సిలిండరులో సుమారు 1500 లీటర్లు ఉంటుంది. రోగికి నిమిషానికి 2 లీటర్లు అయితే 12 గంటలకు పైగా వస్తుంది, 5 లీటర్లు అయితే 5 గంటలు. జనరేటరు మొరాయించినా సిలిండరు మొరాయించదు. రెగ్యులేటరు ముందే బిగించి, తిప్పడం ఇంట్లో ఇద్దరికైనా నేర్పించండి. దాని దగ్గర దీపం, పొయ్యి, చుట్ట, బీడీ ఉండకూడదు.

కోతలు ఎక్కువసేపు ఉండే ఊళ్లకు, తుపాను తగిలే తీరప్రాంతాలకు ఈ రెండింటి తరువాత జనరేటరు అవసరం కావచ్చు.

జనరేటరు కొనేటప్పుడు

1. ముందు చోటు చూడండి, తరువాత ధర అడగండి. ఇంటి తలుపులు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, బయట, గాలి ఆడే చోట పెట్టగలగాలి. పొగగొట్టం మీ ఇంటివైపు గాని, పొరుగింటివైపు గాని ఉండకూడదు. వరండా, పోర్టికో, మెట్ల కింద, బాల్కనీ, షట్టరు గది, ఇవేవీ పనికిరావు. తలుపులు తెరిచి ఫ్యాను వేసినా చాలదు. అపార్టుమెంటులో ఇలాంటి చోటు లేకపోతే జనరేటరు కొనవద్దు. బ్యాటరీ, సిలిండరు పెంచుకోండి.

2. వానకు తడవకుండా నాలుగువైపులా గాలి ఆడే చిన్న కప్పు వేయించండి. తడి చేతులతో ముట్టుకోవద్దు.

3. ఇన్వర్టర్ జనరేటరు అనే రకం ధర ఎక్కువ, కానీ వోల్టేజి నిలకడగా ఉంటుంది, చప్పుడు తక్కువ. మామూలు రకం కొంటే, మీ ఆక్సిజన్ మిషను అమ్మినవారిని అడిగి తగిన స్టెబిలైజరు పెట్టించండి.

4. పెట్రోలు లెక్క వేయండి. 2 కె.వి.ఎ. రకం బరువు మీద గంటకు సుమారు ఒక లీటరు తాగవచ్చు. హుద్‌హుద్ తరువాత విశాఖలో పెట్రోలు బంకుల దగ్గర పొడవైన వరుసలు నిలిచిన సంగతి మరువవద్దు. అలాగని ఇంట్లో పీపాలతో నిల్వ చేయవద్దు. ఉన్న కొద్దిపాటిదీ ఇంటి బయట, మూత గట్టిగా బిగించిన సరైన డబ్బాలో, ఆక్సిజన్‌కు దూరంగా ఉంచాలి. ఇంజను ఆపి, చల్లారిన తరువాతే పెట్రోలు పోయాలి.

5. నెలకు ఒకసారి పావుగంట నడపండి. ఇంజను ఆయిలు చూడండి. నెలల తరబడి నిల్వ ఉన్న పెట్రోలు కార్బురేటరును పూడుస్తుంది. తుపాను రాత్రి తాడు లాగి లాగి అలసిపోయిన కుటుంబాలను మేము చూశాము.

6. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడు అలారం కూడా కొని, పడక గదిలో పెట్టండి.

లైనుమన్ ప్రాణం కూడా చూడండి

జనరేటరు వైరును గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా కరెంటు ఇచ్చుకోవడం కొందరికి అలవాటు. ఆ కరెంటు మీటరు దాటి వీధి తీగలలోకి పోతుంది. లైను ఆగిందని నమ్మి స్తంభం ఎక్కిన మనిషి ప్రాణం పోతుంది. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేత చేంజోవర్ స్విచ్చి, ఎర్తింగు పెట్టించండి. కరెంటు ఆఫీసు వాడుతున్నప్పుడు జనరేటరు, జనరేటరు వాడుతున్నప్పుడు లైను పూర్తిగా తెగి ఉండాలి.

కరెంటు పోయినప్పుడు వరుస ఇది: ముందు రోగిని సిలిండరు మీదికి మార్చండి. మిషను స్విచ్చి ఆపండి. జనరేటరు వేసి రెండు నిమిషాలు నిలదొక్కుకోనివ్వండి. అప్పుడు మిషను వేయండి. అది సరైన ఆక్సిజన్ ఇవ్వడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ తరువాతే సిలిండరు తీయండి.

ఈ గుర్తులు కనబడితే

జనరేటరు నడుస్తుండగా తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, నీరసం, ఛాతీ నొప్పి, తికమక కలిగితే, అందులోనూ ఇంట్లో ఒకరికంటే ఎక్కువమందికి ఒకేసారి వస్తే, ఆలస్యం చేయవద్దు. అందరూ బయటి గాలిలోకి రండి. రోగిని సిలిండరుతో సహా తీసుకురండి. 108కి ఫోను చేయండి. కాస్త పడుకుంటే తగ్గుతుందని నిద్రపోవద్దు. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. గర్భిణులకు, కడుపులోని బిడ్డకు, పసిపిల్లలకు, గుండె జబ్బు ఉన్నవారికి ప్రమాదం మరీ ఎక్కువ. ఆసుపత్రికి రాగానే "ఇంట్లో జనరేటరు నడిచింది" అని మొదటి మాటగా చెప్పండి. మేము అడగడం మరిచినా మీరు చెప్పడం మరువవద్దు.

ఇంటిల్లిపాదీ కలిసి జవాబు చెప్పవలసిన ప్రశ్నలు

1. మా ఇంట్లో ఒక నిమిషం కూడా ఆగకూడనిది ఏది? అది ఎన్ని వాట్లు?
2. రోగికి నిమిషానికి ఎన్ని లీటర్ల ఆక్సిజన్? మా సిలిండరు ఎన్ని గంటలు వస్తుంది?
3. తలుపులకు, కిటికీలకు 20 అడుగుల దూరంలో జనరేటరుకు చోటు ఉందా?
4. అర్ధరాత్రి కరెంటు పోతే లేచి సిలిండరు తిప్పేది ఎవరు? వారు ఊరిలో లేకపోతే ఎవరు?

ఈ జవాబులు రాసి ఆక్సిజన్ మిషను పక్కన గోడకు అంటించండి. తరువాతి చెకప్‌కు వచ్చేటప్పుడు ఒక ప్రతి తీసుకురండి. వార్డు సిస్టరు మీతో కూర్చొని లెక్క సరిచూస్తారు. మూడవ ప్రశ్నకు "లేదు" అని జవాబు వస్తే జనరేటరు బేరం అక్కడితో ఆపండి.