ఒక నినాదము – మూడు భాషల పాఠము

ఆంగ్ల తరగతిలో సిమిలీ, మెటఫర్, మెటానిమీ మొదలైన పదముల నిర్వచనములను విద్యార్థులు చక్కగా అప్పగింతురు. కాని ఎన్నడును చదువని వాక్యము నొకదానిని ముందుంచి, ఇందలి విశేషమేమి అని అడిగినచో మౌనము వహింతురు. ఇది జ్ఞాపకశక్తి లోపము కాదు. ఆ పేర్లకును, ఇంట మాటలాడు తెలుగు, ఉర్దూలకును సంబంధము లేదని తలచుటయే ఇందుకు కారణమని మా అభిప్రాయము. కావున మన నగరమున అందరు ఎరిగిన వాక్యమునే పాఠముగా గ్రహించుచున్నాము: ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’.

1966లో ఉక్కు కర్మాగారము కొరకు సాగిన ఉద్యమమున ఈ నినాదము మార్మ్రోగినది. కొందరు ప్రాణములే అర్పించిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిరి. 2021లో ప్రైవేటీకరణ నిర్ణయము వెలువడినపుడు ఇదే నినాదము మరల వీధులలో వినిపించినది.

మొదట వ్యాకరణమును చూతము. ఈ వాక్యమున క్రియ లేదు. తెలుగున రెండు నామములు ప్రక్క ప్రక్కన నిలిచిన చాలును, వాక్యము పూర్ణమగును. ఆంగ్లమున ‘ఈజ్’ లేనిదే వాక్యము నిలువదు. తెలుగు విద్యార్థులు తరచుగా ‘ఈజ్’ను విడుచుటకు ఇదియే మూలము. ఉర్దూలో ‘హై’ సామాన్యముగా ఉండవలెను గనుక, ఉర్దూ ఎరిగినవారికి ఈ నియమము సుపరిచితమే.

ఇక అలంకారము. ఉక్కు, హక్కు అను అంత్యప్రాసను ఆంగ్లమున రైమ్ అనియు, ఉర్దూలో ఖాఫియా అనియు అందురు. ఇచట ‘ఉక్కు’ అనగా లోహము కాదు, దానిని తయారుచేయు కర్మాగారము. సంబంధమును బట్టి ఒకదాని పేరును మరియొకదానికి వాడుట మెటానిమీ. మన ఆలంకారికులు దీనిని లక్షణ అనిరి. ఉర్దూలో ఇది మజాజె ముర్సల్. ఈ వాక్యమును మెటఫర్ అనరాదు, ఏలయన కర్మాగారమునకును హక్కునకును పోలిక చెప్పబడలేదు.

పోలిక యున్న వాక్యమును గమనింపుడు: ‘అతని సంకల్పము ఉక్కువలె దృఢమైనది.’ సంకల్పము ఉపమేయము, అనగా ముషబ్బహ్. ఉక్కు ఉపమానము, అనగా ముషబ్బహ్ బిహ్. దృఢత్వము సమానధర్మము, అనగా వజహె షబహ్. ‘వలె’ ఉపమావాచకము, అనగా హర్ఫె తష్బీహ్. ఇది ఉపమ, తష్బీహ్, సిమిలీ. ‘అతని సంకల్పము ఉక్కు’ అన్నచో రూపకము. ఆంగ్లమున ఇది మెటఫర్. కాని ఇది ఇస్తిఆరా కాదు. ఉభయములను పేర్కొనినందున తష్బీహె బలీగ్ అగును. సంకల్పమును పేర్కొనక, ‘అతని యెదలోని ఉక్కు వంగలేదు’ అన్నపుడే ఇస్తిఆరా. దీనినే మనవారు రూపకాతిశయోక్తి యందురు. ఆంగ్లమున ఈ రెంటికిని మెటఫర్ అను ఒక్క పేరే చాలును. కాబట్టి మెటఫర్, రూపకము, ఇస్తిఆరా మూడును ఒక్కటే యని వ్రాయుట పొరపాటు.

నినాదమున మరియొక విశేషము గలదు. ‘హక్కు’ అరబ్బీ ‘హఖ్’ నుండి మనకు వచ్చినది. ఆ భాషలో దానికి సత్యమను అర్థమును గలదు. ‘ఉక్కు’ దక్షిణభారత పదము. ఆంగ్లమున మన ప్రాచీన ఉక్కునకు గల ‘వూట్జ్’ అను పేరు దీని నుండియే పుట్టినదని పండితుల అభిప్రాయము. ఒక మాట వచ్చినది, ఒక మాట వెళ్ళినది. పరాయి భాష యని జంకు విద్యార్థి దీనిని తలపవలెను.

విద్యార్థులారా! నేటి పత్రికలోని శీర్షిక నొకదానిని గైకొని మూడు ప్రశ్నలు వేసికొనుడు. క్రియ ఎచట? మాటకు వాచ్యార్థమేనా, వేరర్థము గలదా? పోలిక యున్నచో ఉపమేయము కనిపించుచున్నదా? పేరును పిదప వ్రాయుడు. అర్జీ వ్రాయువానికిని, ఒప్పందముపై సంతకము చేయువానికిని, నినాదము పలుకువానికిని ఈ పరిశీలన యవసరము. మాటలో నేమున్నదో ఎరుగని వాడు తన హక్కును స్పష్టముగా అడుగజాలడు.