అప్పీల్ ఫీజు కట్టే ముందు

బ్రిటన్ వీసా తిరస్కరణ లేఖ రాగానే మనవాళ్లు చాలామంది ముందు ఏజెంటుకు ఫోన్ చేస్తారు. ‘అప్పీల్ వేద్దాం, డబ్బు పంపండి’ అంటాడాయన. ఆ కంగారులో అసలు అప్పీల్ హక్కు ఉందా అని అడగడం తట్టదు. డబ్బు పంపే ముందు లేఖను చివరిదాకా చదవండి. మీకున్న దారి ఏదో, గడువెంతో అందులోనే రాసి ఉంటుంది.

స్కిల్డ్ వర్కర్ వీసా నిరాకరిస్తే సాధారణంగా అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌కు వెళ్లే వీలు లేదు. 2014 ఇమ్మిగ్రేషన్ చట్టం వచ్చాక అప్పీల్ ప్రధానంగా శరణు, మానవ హక్కుల దరఖాస్తులను తోసిపుచ్చినప్పుడు, ఇచ్చిన రక్షణను రద్దు చేసినప్పుడు మాత్రమే మిగిలింది. భార్యనో భర్తనో తెచ్చుకునే వీసా చాలావరకు మానవ హక్కుల కిందికి వస్తుంది. ఉద్యోగ వీసాకు ఉన్నది అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ, అంటే వీసాలు తేల్చే హోం ఆఫీసే తన నిర్ణయాన్ని మళ్లీ చూసుకోవడం. దాని ఫీజు 80 పౌండ్లు. విచారణ లేకుండా కాగితాల మీదే తేల్చే అప్పీల్‌కూ 80 పౌండ్లే. అందుకే చాలామంది రెండూ ఒకటే అనుకుని పొరబడతారు.

అప్పీల్ ఫీజులను 2011లో వచ్చిన ఫీజుల ఉత్తర్వు నిర్ణయిస్తుంది. జడ్జి ఎదుట విచారణ కావాలంటే 140 పౌండ్లు. ముందు కాగితాల మీద చాలనుకుని తర్వాత విచారణ కోరితే తేడా 60 పౌండ్లు కట్టాలి. సాక్ష్యం చెప్పాల్సిన విషయం ఉంటే 60 పౌండ్లకు వెనకాడవద్దనే నా సలహా. ఫీజు మనిషికింత అని లెక్క, కుటుంబానికి కాదు. 2016 అక్టోబరులో వీటిని 490, 800 పౌండ్లకు పెంచి, నవంబరులోనే వెనక్కి తీసుకున్నారు. పాత సమాచారంలో ఆ అంకెలు కనిపిస్తే నమ్మకండి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోండి.

అందరూ కట్టాల్సిన పని కూడా లేదు. లీగల్ ఎయిడ్ పొందుతున్నవారికి, శరణు కోరినవారికిచ్చే ప్రభుత్వ సాయంతో బతుకుతున్నవారికి మినహాయింపు ఉంది. పౌరసత్వం తొలగించడంపై వేసే అప్పీల్‌కూ ఫీజు లేదు. ఆదాయం తక్కువైతే మాఫీ కోరవచ్చు. గెలిస్తే మీరు కట్టిన ఫీజు మేరకు హోం ఆఫీసు చెల్లించాలని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. అది దానంతటదే రాదు, అడగండి. లాయరు ఖర్చు మాత్రం ఈ ఆదేశంలోకి రాదు.

అప్పీల్ గడువు బ్రిటన్‌లో ఉంటే నిర్ణయం పంపిన రోజు నుంచి 14 రోజులు. బయట ఉంటే అందిన రోజు నుంచి 28 రోజులు.

హైదరాబాద్‌లోనైనా లండన్‌లోనైనా సలహాదారు ఎవరైనా సరే, ట్రిబ్యునల్‌కు ఎంత, తనకెంత అన్నది విడివిడిగా రాసిమ్మనండి. రాసివ్వనంటే అతనికి డబ్బు ఇవ్వకండి.