కుట్టు గింజలతో పంది మాంసం

ప్రశ్న: మేం నోయిడాలో ఉంటాం. పంది మాంసాన్ని కుట్టు (బక్‌వీట్) గింజలతో కలిపి ఒకే కుక్కర్లో వండుకోవచ్చా?
– ఓ గృహిణి

జవాబు: వండుకోవచ్చమ్మా, కానీ రెండూ ఒకేసారి వేయకండి. ముక్క ఉడికేలోపు కుట్టు జావైపోతుంది. నవరాత్రుల్లో అమ్మే పిండి దీనికి పనికిరాదు, పొట్టు తీసిన గింజలే కావాలి. మాంసం ఢిల్లీ ఐఎన్ఏ మార్కెట్లో దొరుకుతుంది. కాస్త కొవ్వున్న భుజం ముక్క అడగండి.

అరకిలో ముక్కల్ని నూనె లేకుండా సన్న సెగ మీద కదుపుతూ ఉండండి. కొవ్వు కరిగి, చిటపటలాడుతూ అంచులు ఎర్రబడతాయి. రుచంతా ఇక్కడే పుడుతుంది, తొందరపడొద్దు. ఆ కొవ్వులోనే ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, పసుపు, మిరియాల పొడి వేయించి, ఉప్పు, నీళ్లు చేర్చి కుక్కర్ పెట్టండి. ముక్క లోపల ఎక్కడా పచ్చి ఉండకూడదు. బద్దె పురుగు భయం ఉన్న మాంసం కాబట్టి ఈ విషయంలో రాజీ వద్దు.

గ్లాసు గింజల్ని మూకుట్లో దోరగా వేయించి, మాంసం ఉడికిన నీళ్లు రెండు గ్లాసులు పోసి, మూతపెట్టి పావుగంట ఉంచండి. తర్వాత ముక్కలు కలపండి. నలుగురికి సరిపోతుంది. పక్కన గోంగూర పచ్చడి ఉంటే కొవ్వు మొహం మొత్తదు.

కుట్టు కొనేటప్పుడు మాత్రం వాసన చూడండి. నిల్వ ఉన్నది ముక్కిపోయి చేదెక్కుతుంది. 2011 చైత్ర నవరాత్రుల్లో పాడైన కుట్టు పిండి తిని ఢిల్లీలో ఎందరో ఆస్పత్రి పాలయ్యారు. నెలకు సరిపడా మాత్రమే కొని, ఫ్రిజ్‌లో పెట్టుకోండి.