టర్బో మీద నింద వేసే ముందు

మొవ్వ,
సంక్రాంతి వెళ్ళిన వారం.

చి. అమ్మలుకు చిన్నతాతయ్య దీవించి రాయునది.

మీ చిన్నమ్మమ్మ మోకాళ్ళలో మార్పేమీ లేదు కనుక ఆ సంగతి రాయను. నువ్వు మీ అమ్మకు పంపిన వాయిస్ మెసేజి ఆవిడ నాకు వినిపించింది. కారు లాగడం లేదు, తొక్కితే కుదుపులు, వెనక పొగ. ఎవరో మేస్త్రి చూసి టర్బో పోయిందన్నాడు, కొత్తది వేయాలన్నాడు. అంతవరకు సరే. నిన్న మీ పెదమామయ్య వచ్చి ఇంకో మాట చెప్పాడు: ఆ బండిని వచ్చినకాడికి అమ్మేసి, కంతుల మీద కొత్తది తీసుకునే ఆలోచనలో ఉన్నావట. అందుకే ఈ ఉత్తరం. ఫోను చేస్తే ‘సరే తాతయ్యా, గేదె దగ్గరున్నా’ అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు కదా.

ఆ కారు నీ చేతికి ఎలా వచ్చిందో, అప్పుడు ఎవరెవరు ఏమేమి అన్నారో ఇప్పుడెందుకు. నీది 2012 మారుతి డిజైరు, డీజిలు. రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు, ఆ తరువాత కూడా ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవచ్చు. కాబట్టి కాగితాల భయం పెట్టి నిన్ను తొందరపెట్టేవాళ్ళ మాట వినకు.

ముందు ఆ ఇంజిను తత్వం తెలుసుకో. అది పుట్టుకతో ఇటలీ ఫియట్ వాళ్ళది, మల్టీజెట్ అంటారు. 1248 సీసీ, నాలుగు సిలిండర్లు. దాని నిండు లాగుడు 190 న్యూటన్ మీటర్లు, అది 2000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. ముల్లు 1500 మీద ఉండగా తొక్కి ‘లాగదేం’ అని తిడితే, అది షోరూము నుంచి వచ్చిన రోజున కూడా లాగలేదు. ఆ వేగంలో టర్బో ఇంకా ఊపందుకోదు. కనుక జబ్బేదో స్వభావమేదో ముందు తేల్చుకో. మన సీమలో ఎత్తంటే కరకట్ట ఎక్కే దారి, లేదా పులిగడ్డ–పెనుమూడి వారధి, అంతే కదా. లారీలు పల్చబడిన వేళ, మూడో గేరులో, 1500 నుంచి నిదానంగా నిండా తొక్కు. 2000 దాటగానే వీపు సీటుకు ఆనాలి. ఆనలేదంటే జబ్బు ఉంది. ముల్లు జర్రున పైకి పోయి బండి మాత్రం పోకపోతే అది ఇంజిను జబ్బు కానే కాదు, క్లచ్ ప్లేటు జారుతోంది. క్లచ్ జబ్బుకు ఇంజిను విప్పించుకున్నవాళ్ళని నేను చూశాను. ఒక్కదానివే వెళ్ళకు తల్లీ. మీ పశువుల ఆస్పత్రిలో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకో. ముల్లు వాళ్ళు చూస్తారు, నువ్వు రోడ్డు చూడు.

ఇప్పుడు టర్బో. ఎగ్జాస్టులో పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద అవతలి కొసన ఉన్న చక్రం బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజినులోకి పంపుతుంది. స్విట్జర్లాండు ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, అదీ ఇంజిను ఆయిలు పొర మీద తేలుతూ. నొక్కిన గాలి వేడెక్కుతుంది గనుక ఇంటర్‌కూలరులో చల్లబడి, లావుపాటి రబ్బరు గొట్టాల్లోంచి సిలిండర్లకు చేరుతుంది. కమ్మరి కొలిమి తిత్తి చూశావుగా. తిత్తి బాగానే ఉండి దాని గొట్టం చీలితే నిప్పు రాజదు, పొగ చూరుతుంది. అప్పుడు కమ్మరి తిత్తి పారేసి కొత్తది కొంటాడా?

నీ బండి పొగ ఏ రంగు? ఆ ఒక్క మాట నీ మెసేజిలో లేదు. పశువు దగ్గరికి వెళ్ళి పేడ చూడకుండా మందు రాస్తావా నువ్వు? నల్లపొగ అయితే డీజిలుకు తగ్గ గాలి అందడం లేదు: ఎయిర్ ఫిల్టరు, చీలిన గొట్టం, లేదా ఎగ్జాస్టు పొగను కొంత తిరిగి ఇంజినులోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని బిగుసుకుపోవడం. నీలం పొగ అయితే ఆయిలు కాలుతోంది, అప్పుడు టర్బో సీళ్ళనో పిస్టన్ రింగుల్నో అనుమానించాలి. తెల్లపొగ అయితే డీజిలు సరిగా మండడం లేదు, లేదా కూలెంటు లోపలికి పోతోంది. పొగే లేకుండా లాగుడు లేకపోతే ఎక్కువసార్లు డీజిలు అందకపోవడమే.

బెజవాడ ఆటోనగర్‌లో నేను పనిచేసిన రోజులు గుర్తొస్తున్నాయి. టాటా వాళ్ళూ కమ్మిన్స్ వాళ్ళూ కలిసి 1993లో జంషెడ్‌పూర్‌లో ఇంజిన్ల కంపెనీ పెట్టారు. ఆ తరువాత టర్బో లారీలు మా షెడ్డుకు రావడం మొదలైంది. లాగడం లేదని లారీ వస్తే అందరి చెయ్యీ టర్బో మీదికే పోయేది, కొత్త వస్తువు కదా. మా పెద్దమేస్త్రి మాత్రం డ్రైవరుకు టీ తెప్పించి కబుర్లు పెట్టేవాడు. ఎప్పటినుంచి? ఒక్కసారిగానా, మెల్లమెల్లగానా? లోడు మీదేనా? దానికి ముందు బండికి ఏం చేయించావు? ఒక్కసారిగా వచ్చిన జబ్బయితే ఏదో చీలింది, ఊడింది. మెల్లగా వచ్చిందయితే ఏదో పూడింది. టీ అయ్యేసరికి సగం జబ్బు తేలేది. ఆయన చేతికి గ్రీజు అంటకముందే డ్రైవరుకు ధైర్యం వచ్చేది. నువ్వూ నీ గేదెల దగ్గర అలాగే చేస్తావని కోడూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన నాతో అన్నాడు. ‘మీ అమ్మాయేనా అండీ’ అన్నాడు. ‘మా అమ్మాయే’ అన్నాను.

సరే, అసలు సంగతికి వస్తాను. కారు ఎక్కడ పెడుతున్నావు? ఇంటివాళ్ళ గడ్డివామి పక్కన, రేకుల పాక కింద. నువ్వు చెప్పలేదు, పండక్కి పంపిన ఫొటోలో చూశాను. కోతలు అయిపోయాయి, మినుము ఇంకా కాయ పట్టలేదు, చేలో తిండి లేదు. ఎలుకలన్నీ గట్లు వదిలి వాముల్లోకి, ఇళ్ళలోకి దిగే రోజులివి. చలి రాత్రి, అర్ధరాత్రి దాకా తిరిగొచ్చిన వెచ్చటి ఇంజిను, పంటికి మెత్తగా తగిలే రబ్బరు, బానెట్ లోపల అతికించిన చాప. ఇంకేం కావాలి ఎలుకకు?

ఎలుక పని అన్నానని మీ అమ్మ నవ్వింది. నువ్వూ నవ్వు. నా చిన్నప్పుడు వరి పొట్ట దశకు వచ్చేలోగానే రైతులు ఎలుకలు పట్టే యానాదులకు కబురు పెట్టేవారు. విల్లు కట్టిన బుట్టలు గట్ల మీద వరసగా పెట్టి, తెల్లారి ఏరుకునేవారు. తోకకు ఇంత అని కూలి. కలుగు తవ్వితే ఎలుక దాచిన వరికంకులు వాళ్ళవే, అది అలవాటు. ఏ కలుగులో ఎలుక ఉందో ఏది వదిలేసిందో తవ్వకుండానే చెప్పేవారు. గుమ్మంలో తాజా మట్టి, నున్నబడిన దారి, పెంటికలు. వాళ్ళ వెనకే తిరిగి నేను ఆ చూపు పట్టుకున్నాను. ఇంజన్ల దగ్గర నాకు అన్నం పెట్టింది ఆ చూపే. ఆటోనగర్‌లో ఇంకెవరికీ అది లేదని చెప్పుకుంటే గొప్పలు అంటారు గానీ, నిజం.

కాబట్టి పగటిపూట, ఇంజిను పూర్తిగా చల్లారాక, బానెట్ ఎత్తి టార్చి వేసి చూడు. పెంటికలు, గడ్డిపోచలు, రబ్బరు పొడి, వైర్ల మీద పంటిగాట్లు. ఎయిర్ ఫిల్టరు పెట్టె తప్పకుండా విప్పు, ఎలుకకు అక్కడే గూడు కట్టడం ఇష్టం. గూడు కనిపిస్తే గ్లవుజులు లేకుండా చెయ్యి పెట్టకు, పొడిగా ఊడ్చకు. ఎలుక ఉచ్చ వల్ల వచ్చే జ్వరం గురించి పశువైద్యురాలికి నేను చెప్పాలా? చెప్తాను. నీ చేతులకు ఎప్పుడూ ఏదో ఒక గాటు ఉంటుంది.

తరువాత ఆ లావు గొట్టాలు, టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు, అక్కడినుంచి ఇంజినుకు. ఆ బండికి వయసు మీద పడితే ఎలుక పన్ను తగలకపోయినా అవి చీలతాయి. నిలబడి ఉన్నప్పుడు చీలిక మూసుకుని ఏమీ ఎరగనట్టు ఉంటుంది. లోపల గాలి ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే తొక్కినప్పుడు బుస్సుమనే చప్పుడు, నల్లపొగ, లాగుడు పోవడం కలిసి వస్తాయి. గొట్టాన్ని వేళ్ళతో వంచి, కింది పక్కన, క్లిప్పు అంచున తడిమి చూడు. బయట ఒకచోట ఆయిలు జిడ్డు పేరుకుని దుమ్ము పట్టి ఉంటే చీలిక అక్కడే. గొట్టం లోపల కాస్త ఆయిలు తడి ఉంటే మాత్రం కంగారు పడకు, అది మామూలే. దాన్ని చూపించే చాలామంది టర్బో పోయిందని తీర్పు చెబుతారు. అనుమానం తీరకపోతే తక్కువ ఒత్తిడితో గాలి పట్టించి సబ్బునీళ్ళు రాయమను. బుడగలు అబద్ధం చెప్పవు.

ఎయిర్ ఫిల్టరును తక్కువగా చూడకు. నూర్పిళ్ళ రోజుల్లో మన రోడ్లన్నీ ఊక దుమ్మే. రైసుమిల్లులో నేను పనికుర్రవాణ్ణిగా ఉన్నప్పుడు పెద్ద ఇంజిను ఒక సాయంత్రం నల్లపొగ కక్కుతూ చతికిలబడింది. యజమాని గుడివాడకు మనిషిని పంపించబోతుంటే, ఇంజిను నడిపే మా డ్రైవరు గాలి లాగే చోట తవుడూ ఊకపొడీ గట్టిపడి ఉండటం చూపించాడు. కడిగి బిగించాక ఆ రాత్రి బస్తాలన్నీ ఆడించాం. ఆయనకు చదువు లేదు. ఇంటికెళ్ళేటప్పుడు రోజూ నాకో బెల్లం ముక్క ఇచ్చేవాడు.

ఇక డీజిలు. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమలో ఉప్పునీళ్ళు తాగిన ఆయిలింజన్లను విప్పడానికి మమ్మల్ని పిలిచారు. అక్కడ చూసినవి నీకు రాయను. పని గురించి మాత్రం రాస్తాను: ఏ ఇంజినుకైనా మొదట ట్యాంకు అడుగు వదిలేవాళ్ళం, నీళ్ళు డీజిలు కిందకే దిగుతాయి గనుక. నీ కారు ఫిల్టరు అడుగున నీళ్ళు వదిలే మర ఉంటుంది. ఎన్నాళ్ళయింది వదిలి? ఫిల్టరు మార్చి ఎన్నాళ్ళయింది? అది పూడినా తొక్కినప్పుడు కుదుపులు వస్తాయి. అన్ని వేళలా, ఐడిల్‌లో కూడా ఒక సిలిండరు మిస్ కొడుతుంటే ఇంజెక్టరు చూపించాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. మా కాలంలో ఇంజిను నడుస్తుండగానే ఇంజెక్టరు పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, మిస్ కొట్టే సిలిండరు పట్టేవాళ్ళం. నీది కామన్‌రైలు, అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిలు పోతుంది. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, ఆ డీజిలు చుక్క చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. ఏ పాతకాలపు మేస్త్రి అయినా అక్కడ పానా పెడితే చెయ్యి పట్టుకుని ఆపు. అది స్కానరుతో చూసేది.

స్కానరు పెట్టించినప్పుడు ‘ఏదో కోడ్ వచ్చింది, క్లియర్ చేశాం’ అంటే ఒప్పుకోకు. కోడు నంబరు కాగితం మీద రాయించుకో. బండి నడుపుతూ రెండు అంకెల జతలు చూడమను: కంప్యూటరు అడిగిన బూస్టు, అంటే టర్బో గాలి ఒత్తిడి, ఎంత, వచ్చింది ఎంత, అడిగిన రైలు ఒత్తిడి, అంటే డీజిలు ఒత్తిడి, ఎంత, వచ్చింది ఎంత. బూస్టు తక్కువైతే గాలి దారి వెతకాలి, రైలు ఒత్తిడి తక్కువైతే డీజిలు దారి. ఈజీఆర్ వాల్వు మసి పట్టి ఉంటే కడిగించు. ఊళ్ళోనే మెల్లగా తిరిగే బండికి అది త్వరగా పడుతుంది. రేకు బిళ్ళ వేసి మూసేద్దామంటే మాత్రం వద్దను, పొగ నిబంధనలకు విరుద్ధం.

ఇవన్నీ అయ్యాకే టర్బో వంతు. గాలి వచ్చే పైపు విప్పి, చల్లారిన ఇంజిను మీద ఆ చిన్న చక్రాన్ని వేళ్ళతో కదిపితే చాలు. పక్కలకు రవ్వంత ఆట ఉంటే మామూలే. ముందుకు వెనక్కు ఆడితే, రెక్కలు గోడకు రాసుకున్న గీతలుంటే, రెక్క విరిగి ఉంటే, అప్పుడు మేస్త్రి చెప్పింది నిజం. డబ్బు నేను పంపిస్తాను, మీ అమ్మకు చెప్పకు.

రాత్రిపూట ఈనలేని గేదె ఉందంటే నువ్వు నాగాయలంక దాకా పోతావని తెలుసు. ఆ చీకట్లో కరకట్ట మీద బండి ఆగిపోతే అన్న భయమే నన్ను ఇన్ని కాగితాలు రాయిస్తోంది. అందుకే ఈ శనివారం కారు ఇక్కడికి తీసుకురా, నిదానంగా, 3000 దాటించకుండా. మధ్యాహ్నం భోంచేసి, ఇంజిను చల్లారాక ఇద్దరం బానెట్ ఎత్తుదాం. అప్పటిదాకా కొత్త టర్బోకు అడ్వాన్సు ఇవ్వకు, కొత్త కారుకు సంతకం పెట్టకు.

ఆశీస్సులతో,
చిన్నతాతయ్య

తా.క.: ఈ లోపు కారుని గడ్డివామి దగ్గరనుంచి తీసి రోడ్డు వైపు పెట్టు. నూకల్లో కలిపిన మందు పెడతానంటే ఒప్పుకోను, ఎలుక ఇంజినులోనే చస్తుంది, వీధికుక్క తింటే దానికి వైద్యం మళ్ళీ నువ్వే చేయాలి. బోను పెట్టు.