క్యాబిన్‌లో పక్క ఉంటే చాలదు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఎక్కి పెరిగినవాడికి క్యాబిన్‌లో పడుకోవడం ఒక కష్టంగా తోచదు. సీటు వెనక బల్ల, బల్ల మీద దుప్పటి, అద్దానికి అడ్డంగా తువ్వాలు, పక్క సీట్లో క్లీనరు. లోడు దిగేదాకా రెండ్రోజులైనా మూడ్రోజులైనా అదే ఇల్లు. అలాంటి మనిషి ఏ పోలండ్‌కో లిథువేనియాకో ఉద్యోగానికి వెళ్ళి, మెత్తటి పరుపు, ఫ్రిజ్, హీటరు ఉన్న బండి ఎక్కితే మొదట అనుకునేది, ఇంత మంచి గది ఉండగా మళ్ళీ హోటల్ దేనికి అనే. కంపెనీవాళ్ళూ ఆ మాటే కాస్త తీపి కలిపి అంటారు: "వారాంతం బండిలోనే పడుకో, హోటల్‌కయ్యే దాంట్లో సగం నీకిస్తాం."

ఒప్పుకోవద్దు. ఎందుకో తెలియాలంటే ముందు రెండు అంకెలు గుర్తుపెట్టుకోవాలి: 45, 24.

యూరోపియన్ యూనియన్‌లో 3.5 టన్నులు దాటిన సరుకు బండ్ల డ్రైవర్లకు 561/2006 అనే నిబంధన వర్తిస్తుంది. రోజుకు 9 గంటల డ్రైవింగ్, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా వెళ్ళొచ్చు. వారానికి 56, రెండు వారాలు కలిపి 90 దాటకూడదు. నాలుగున్నర గంటలు స్టీరింగు పట్టాక 45 నిమిషాల విరామం. ఇవన్నీ ట్రైనింగ్‌లో ఎలాగూ బట్టీ పట్టిస్తారు. తికమకంతా వారపు విశ్రాంతి దగ్గరే. అందులో రెండు రకాలున్నాయి. పూర్తి విశ్రాంతి 45 గంటలకు తగ్గకూడదు. కుదించిన విశ్రాంతి 24 గంటలకు తగ్గకూడదు. కుదించినదాన్ని, రోజూ రాత్రి తీసుకునేదాన్ని బండి ఆగి ఉండి, పడుకునే ఏర్పాటు సరిగా ఉంటే క్యాబిన్‌లో గడపొచ్చు. 45 గంటలదాన్ని మాత్రం ఎంత ఖరీదైన క్యాబిన్ అయినా సరే, లోపల గడపకూడదు. సరైన పక్క, స్నానానికీ మరుగుదొడ్డికీ వసతి ఉన్న చోట, ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా అనువైన బసలో ఉండాలి. బస ఖర్చు యజమానిదే. హోటల్ డబ్బుల్లో సగం మీకిస్తానన్నవాడు మీకిస్తున్నది బోనస్ కాదన్నమాట. చట్టప్రకారం తను పూర్తిగా పెట్టాల్సిన ఖర్చులో సగం మిగుల్చుకుంటున్నాడు.

ఈ నిషేధం మొదట్లో ఇంత సూటిగా లేదు. రోజువారీ విశ్రాంతి, కుదించిన వారపు విశ్రాంతి డ్రైవరు కోరుకుంటే బండిలో తీసుకోవచ్చని 2006 నాటి నిబంధన చెప్పి ఊరుకుంది. 45 గంటల సంగతి ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి తప్పు లేదన్నాయి కంపెనీలు. ఎత్తలేదంటేనే కూడదని అర్థం అంది బెల్జియం, 2014లో 1,800 యూరోల జరిమానా కూడా పెట్టింది. వాడిట్రాన్స్ అనే రవాణా సంస్థ దాని మీద కోర్టుకెక్కింది. వ్యవహారం లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2017 డిసెంబరు 20న న్యాయస్థానం బెల్జియం చెప్పిందే సరి అంది. అన్ని విశ్రాంతులూ బండిలో తీసుకోవచ్చనుకుంటే ప్రత్యేకంగా ఆ రెండింటి పేర్లే ఎందుకు రాస్తారన్నది దాని తర్కం. 2020 ఆగస్టు 20 నుంచి నిషేధాన్నీ, ఖర్చు యజమానిదేనన్న మాటనూ నిబంధనలోనే చేర్చారు. లిథువేనియా, పోలండ్, రొమేనియా, హంగరీ వంటి దేశాలు ఆ మార్పుతో పాటు తెచ్చిన కొత్త నిబంధనల మూటను సవాలు చేశాయి. 2024 అక్టోబరు 4న తీర్పొచ్చింది. ప్రతి లారీ 8 వారాలకోసారి కంపెనీ ఉన్న దేశానికి తిరిగి రావాలన్న నియమాన్ని కొట్టేశారు. క్యాబిన్ నిషేధాన్నీ, డ్రైవరు క్రమం తప్పకుండా ఇంటికో డిపోకో వెళ్ళే ఏర్పాటునూ అలాగే ఉంచారు. లారీకి పోయిన తిరుగు ప్రయాణం డ్రైవరుకు మిగిలింది!

ఇక లెక్క. ఒక వారపు విశ్రాంతి ముగిశాక ఆరు 24 గంటలు, అంటే 144 గంటలు దాటకముందే తర్వాతిది మొదలవ్వాలి. సోమవారం పొద్దున ఆరుకు బండి తీస్తే, ఆదివారం పొద్దున ఆరుకల్లా విశ్రాంతిలో ఉండాలి. అక్కణ్ణుంచి పూర్తి 45 గంటలంటే మంగళవారం తెల్లవారుజామున మూడు.

ఇంకో రకంగా చూడండి. శనివారం మధ్యాహ్నం రెండుకు ఆగారు. సోమవారం ఉదయం ఆరుకు బయల్దేరమని ఫోనొచ్చింది. చేతికొచ్చింది 40 గంటలు. రెండు రోజులు ఆగాను కదా అనుకుంటారు గానీ చట్టం దృష్టిలో అది కుదించిన విశ్రాంతే. క్యాబిన్‌లో గడిపినా నేరం కాదు. అయితే తగ్గిన 5 గంటలు మీకు బాకీ. ఆ బాకీని తర్వాతి మూడో వారం ముగిసేలోగా, కనీసం 9 గంటల మరో విశ్రాంతికి అతికించి, ముక్కలు చేయకుండా ఒకేసారి తీర్చాలి. వారాంతం 44 గంటల దగ్గర ఆగిపోయేలా ట్రిప్పులు వేసే ప్లానర్లున్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ ఒక్క గంటతో హోటల్ బిల్లు తప్పిపోతుంది. ఒకసారైతే అది చట్టబద్ధమే. మామూలుగా రెండు వారాల్లో ఒకటైనా పూర్తి విశ్రాంతి ఉండి తీరాలి కాబట్టి, పోయిన వారం కుదించారంటే ఈ వారం 45 గంటలు ఇవ్వక తప్పదు.

దేశాలు దాటి తిరిగే సరుకు డ్రైవర్లకు ఒక సడలింపుంది. కంపెనీ ఉన్న దేశానికీ మీ నివాస దేశానికీ బయట ఉన్నప్పుడు వరసగా రెండు కుదించిన విశ్రాంతులు తీసుకోవచ్చు. నాలుగు వారాల్లో మొత్తం నాలుగు విశ్రాంతులు, వాటిలో రెండు పూర్తివి ఉండాలి. రెండుసార్లు 24 గంటలే తీసుకున్నారనుకోండి, 21 చొప్పున 42 గంటలు బాకీ. తర్వాతి 45 గంటల విశ్రాంతికి ముందే ఆ 42 కలిపి ఇవ్వాలి. మొత్తం 87 గంటలు, మూడున్నర రోజులు దాటిపోతుంది. ఆ 87 మొదలయ్యేలోపు మిమ్మల్ని డిపోకో ఇంటికో చేర్చేలా కంపెనీ పని కేటాయించాలి. వరసగా కుదించకపోతే ఈ తిరుగు ప్రయాణం నాలుగు వారాలకోసారి. ఇంటికి అన్నారు కదా అని నెలకోసారి హైదరాబాద్ విమానం టికెట్ వస్తుందని ఆశపడొద్దు. మనవాళ్ళకు ఆచరణలో దాని అర్థం కంపెనీ డిపో ఉన్న ఊరు, అక్కడ మీరు అద్దెకున్న గది. ఆ గది ఉందో లేదో ముందే చూసుకోవాలి. అద్దె మిగులుతుందని గది ఖాళీ చేసి సామానంతా క్యాబిన్‌లోకి ఎక్కించినవాడికి తిరిగి వెళ్ళడానికి చోటే ఉండదు.

హోటల్ ఇచ్చినా క్యాబిన్‌లోనే ఉందామనిపించే కారణం ఒకటుంది. లోడు! పక్కబండి టార్పాలిన్ బ్లేడుతో కోసి సరుకు ఎత్తుకుపోయారని వింటే ఎవరికైనా బండి వదలబుద్ధి కాదు. మన డ్రైవర్లకైతే మరీ. సరుకు పోతే జీతంలో కోస్తారన్న భయం ఇక్కణ్ణుంచే ఒంట్లో పట్టి ఉంటుంది. నిబంధనలో విశ్రాంతికి రాసిన అర్థం ఇక్కడ పనికొస్తుంది. మధ్యలో తెగకుండా, మీ సమయాన్ని మీ ఇష్టమొచ్చినట్టు వాడుకోగలిగిన వ్యవధే విశ్రాంతి. సినిమాకు పోవచ్చు, గుడికి పోవచ్చు, వేరే ఊళ్ళో ఉన్న స్నేహితుడి గదిలో పప్పుచారు కాచుకోవచ్చు. బండి దగ్గరే ఉండి సరుకు చూస్తూ ఉండమన్నారంటే అది విశ్రాంతి కాదు, వాచ్‌మన్ డ్యూటీ. పైగా జీతం లేని డ్యూటీ. ఆవరణలో కాస్త ముందుకు తీసి పెట్టమని నడిమధ్యలో ఫోన్ చేస్తే, బండి కదిలిన నిమిషంతో 45 గంటల లెక్క తెగుతుంది. కంపెనీకి మర్యాదగా చెప్పాల్సింది ఇంతే: కాపలా ఉన్న పార్కింగ్ బుక్ చేయండి, రసీదు పంపండి. అలాంటి చోట్లకు కొరత ఉన్న మాట నిజం. యూరోపియన్ కమిషన్ కోసం 2019లో చేసిన అధ్యయనం యూనియన్ మొత్తం మీద లారీ పార్కింగ్ చోట్లు సుమారు లక్ష తక్కువున్నాయని అంచనా వేసింది. ఆ కొరత తీర్చే బాధ్యత డ్రైవరు నిద్ర మీద పెట్టడం నాకు న్యాయంగా తోచదు. గురువారమే పార్కింగ్ గురించి మెసేజ్ పెట్టండి. శనివారం సాయంత్రం అడిగితే కంపెనీకి నిజంగానే దొరకదు.

పట్టుబడితే ఏమవుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఫ్రాన్స్‌లో డ్రైవర్లు పూర్తి విశ్రాంతి బండిలో గడిపేలా పని ఏర్పాటు చేసిన యజమానికి ఏడాది జైలు, 30,000 యూరోల దాకా జరిమానా. బ్రిటన్ యూనియన్ వదిలి బయటికొచ్చినా 45 గంటల నిషేధాన్ని వదల్లేదు. 2017 నవంబరు 1 నుంచి అక్కడ జరిమానా 300 పౌండ్లు, అది పడేది డ్రైవరు మీదే. రోడ్డు మీద ఎవరు పట్టుబడతారో వాళ్ళ జేబే ముందు ఖాళీ అవుతుంది. తర్వాత కంపెనీ తిరిగిస్తుందా అన్నది మీ దగ్గర కాగితమేముందన్న దాన్ని బట్టి ఉంటుంది.

కాబట్టి కాగితం సంగతి విమానం ఎక్కకముందే చూసుకోవాలి. ఒప్పందంలో మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: 45 గంటల విశ్రాంతికి బస ఎవరు బుక్ చేస్తారు, డబ్బు ముందే కడతారా మీరు పెట్టుకున్నాక ఇస్తారా, డిపోకు తిరిగి చేర్చే ప్రయాణం ఎలా. కిలోమీటరుకు ఇంతని జీతం చూపిస్తే జాగ్రత్తపడండి. రోడ్డు భద్రతకు ముప్పు తెచ్చేలా, గంటల నియమం తప్పేలా ఉసిగొల్పే దూరపు లెక్క జీతాన్ని 561/2006 నిబంధనే ఒప్పుకోదు. యూనియన్ బయటి దేశస్థులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సరుకు తోలాలంటే కంపెనీ తీసిన డ్రైవర్ ధ్రువపత్రం బండిలో మీ దగ్గరుండాలి. లైసెన్సుకు కోడ్ 95 అనే వృత్తి అర్హత కావాలి, దానికి ప్రతి అయిదేళ్ళకు 35 గంటల శిక్షణ. మన హెవీ లైసెన్సు చూపిస్తే చాలన్న ఏజెంటును అక్కడే వదిలేయండి. ఏ ఏజెంటైనా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి. సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షల్లో అడిగితే అది రుసుము కాదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంకాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే. వాళ్ళ దగ్గర ఆ దేశానికి ఖాళీలున్నాయేమో ముందు కనుక్కోవడంలో పోయేదేమీ లేదు.

ఒక పక్కమాట. మన దగ్గర 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటల పని, వారానికో రోజు సెలవు అని రాసింది. ఆ సెలవు రోజు ఎక్కడ పడుకోవాలన్న ఊహ మాత్రం అందులో లేదు. 2025 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు క్యాబిన్‌లో ఏసీ ఉండాలన్న నియమం రావడానికే ఇంతకాలం పట్టింది. ఎండాకాలం ఆదిలాబాద్ దారిలో స్టీరింగు పట్టినవాళ్ళకు ఆ ఏసీ విలువ తెలుసు. అదే క్యాబిన్ నుంచి వారపు విశ్రాంతికి మనిషిని బయటికి తీసుకురావాలన్న ఆలోచన మనకింకా కొత్త. అందుకే అక్కడికెళ్ళిన మనవాళ్ళు హక్కును కూడా ఉపకారంలా తీసుకుంటారు.

చివరగా రికార్డు. బండి నడిపిన గంటల్నీ ఆగిన గంటల్నీ రాసే టాకోగ్రాఫ్ యంత్రం మీ డైరీ అనుకోండి. మంచం గుర్తు విశ్రాంతికి, అడ్డంగా పెట్టిన రెండు సుత్తులు ఇతర పనికి. లోడు ఎక్కిస్తూ, కట్లు బిగిస్తూ మంచం నొక్కమని ఎవరన్నా నొక్కొద్దు. ఆ అబద్ధం అందులో పెట్టే మీ డ్రైవరు కార్డు మీద నిలుస్తుంది, వాళ్ళ కార్డు మీద కాదు. 2024 డిసెంబరు 31 నుంచి తనిఖీలో ఆ రోజుతో పాటు వెనకటి 56 రోజుల రికార్డు చూపించాలి. అంతకుముందు 28 రోజులే. కొత్తరకం టాకోగ్రాఫ్ సరిహద్దు దాటిన సంగతిని తనంతట తనే రాసుకుంటుంది కాబట్టి, ఆ వారాంతం బండి ఏ దేశంలో ఆగి ఉందో దాచడం కుదిరే పని కాదు. వారపు విశ్రాంతికి డిపోకో ఇంటికో చేరడానికి అనుకోని ఆలస్యమైతే ఒక గంట అదనంగా నడపొచ్చు. పూర్తి విశ్రాంతికి వెళ్తూ ముందు అరగంట ఆగితే రెండు గంటల దాకా నడపొచ్చు. చేరగానే ప్రింటు తీసి, దాని వెనక కారణం చేత్తో రాయాలి. ఆ అదనపు గంటలూ బాకీయే, మూడు వారాల్లో తీరాలి.

హోటల్ రసీదు, పార్కింగ్ రసీదు, వారాంతం ఆపమని వచ్చిన మెసేజ్, బయల్దేరమని వచ్చిన మెసేజ్ ఒకచోట దాచండి. టాకోగ్రాఫ్ కాగితం మన బస్సు టికెట్ లాంటిదే, వేడికి అక్షరాలు మాసిపోతాయి. అద్దం ముందు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఎండకు తెల్లకాగితం మిగులుతుంది. ఆ రోజే ఫోటో తీసి ఇంట్లోవాళ్ళ ఫోన్‌కు పంపేయండి.