కంప్యూటరు లేచేదెట్లా, పడుకునేదెట్లా?

ల్యాబు పీరియడు గంటే. అందులో కొన్ని నిమిషాలు తెరమీద దొర్లే అక్షరాలు చూస్తూ కూర్చోవడంతోనే సరి. ఇంట్లో కంప్యూటరు లేని మాబోటి వాళ్లకు ఆ నిమిషాల విలువ తెలుసు. "పాత డబ్బాలు, ఇంతేలే" అంటారు మిత్రులు. పాతవైనా, నేరమంతా డబ్బాల మీద వేయడం న్యాయం కాదు.

మీట నొక్కగానే యంత్రం తన భాగాల్ని సరిచూసుకుని, డిస్కులోంచి కెర్నెల్‌ని జ్ఞాపకంలోకి తెస్తుంది. లైనక్సులో కెర్నెల్ మొదట లేపే ప్రోగ్రాము ఇనిట్. నెట్‌వర్కునూ ప్రింటరునూ తక్కిన వాటినీ లేపే బాధ్యత దానిదే. సిస్టమ్ ఫైవ్ అనే పాత పద్ధతిలో ఇందుకు స్క్రిప్టులు, అంటే ఆజ్ఞల చీటీలు, ఉండేవి. మొదలుపెట్టే చీటీ పేరు ముందు ఎస్, ఆపేదాని ముందు కె, పక్కన వరుస అంకె. 10 ముగిస్తేగాని 20 కదలదు. మా పొలంలో పై మడి నిండితేగాని కింది మడికి మడవ తిప్పం, అదే తంతు. నెట్‌వర్కు చీటీ చిరునామా కోసం ఎదురు చూస్తుంటే, దానితో పనేలేని చీటీలు కూడా వెనక పడిగాపులు పడేవి. అంతసేపూ ప్రాసెసరు దాదాపు ఖాళీయే! అలాంటప్పుడు కొత్త ప్రాసెసరు కొని ఏం లాభం?

లెనార్ట్ పోయెటరింగ్, కే సీవర్స్ 2010లో మొదలుపెట్టిన సిస్టమ్‌డి ఈ వరుసను మార్చింది. ఒకదానికొకటి అక్కర్లేని పనులన్నీ ఒకేసారి లేస్తాయి. 2011లో ఫెడోరా 15 దీన్నే వాడింది. 'సిస్టమ్‌డి-ఎనలైజ్ బ్లేమ్' అని కొడితే ఎవరికెంత సేపు పట్టిందో జాబితా వస్తుంది. అయితే పైనున్నదే దొంగ అనుకోకూడదు. అది ఎవర్నీ ఆపకుండా పక్కన తన పని తాను చేసుకుంటూ ఉండవచ్చు. ఎవరికోసం ఎవరు ఆగారో 'క్రిటికల్-చైన్' చెబుతుంది.

ఇక పడుకోవడం. ఆగమన్నా ఆగని ప్రోగ్రాము కోసం సిస్టమ్‌డి మామూలుగా 90 సెకన్లు చూసి, తర్వాత బలవంతాన ఆపుతుంది. ఆ కాస్త ఓపిక లేక మనవాళ్లు ప్లగ్గు పీకేస్తారు. జ్ఞాపకంలో ఉన్నది డిస్కుకెక్కించి, డిస్కును పద్ధతిగా విడదీసేది ఆ చివరి ఘడియల్లోనే. అది జరక్కపోతే మర్నాడు లేవగానే డిస్కు తనిఖీ. ఇఎక్స్‌టి2 రోజుల్లో డిస్కంతా వెతకాల్సి వచ్చేది. 2001లో లైనక్సు కెర్నెల్లో చేరిన ఇఎక్స్‌టి3 చిట్టా రాసుకుంటుంది గనక ఆ చిట్టా చూసుకుంటే చాలు. అయినా రాయకముందే పోయిన పాఠం తిరిగి రాదు.

విండోస్ 8 (2012) మరో ఉపాయం పట్టింది. ఆపేటప్పుడే కెర్నెల్ స్థితిని డిస్కులో దాచి, మర్నాడు దాన్నే చదువుకుంటుంది. అందుకే పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే షట్‌డౌన్ కాదు, రీస్టార్టు నొక్కాలి.

మన ల్యాబులోనూ ఒకసారి ఆ జాబితా తీసి చూస్తే బాగుండును. ప్రింటరే లేని గదిలో ప్రింటరు సేవను రోజూ లేపడం దేనికి?